ఏ ఫ్లాస్ కొనాలి? రక్తం వస్తే ఆపేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. వయసు ముప్పై నాలుగు. ఈమధ్యే పళ్లు క్లీనింగ్ చేయించుకున్నారు, రోజూ ఫ్లాస్ చేసుకోమని డాక్టర్ గారు చెప్పారు. మందుల షాపులో అడిగితే వ్యాక్స్ ఉన్నది, లేనిది, టేపు, ప్లాస్టిక్ పుల్లకు కట్టింది, చిన్న చిన్న బ్రష్‌లు అని ఐదారు రకాలు ముందు పెట్టారు. ఏదో ఒకటి తెచ్చుకుని మూడు రోజులు చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. దానికి తోడు "దారం పెట్టి లాగితే పళ్ల మధ్య సందులు పెరుగుతాయి, మానెయ్" అని అమ్మగారు అంటున్నారు. ఇంతకీ ఏది కొనాలి, కొనసాగించాలా వద్దా?

మానకండి. వ్యాక్స్ పూసిన మామూలు నైలాన్ ఫ్లాస్ ఒక డబ్బా కొనుక్కోండి. రోజుకి ఒక్కసారి, రాత్రి పడుకోబోయే ముందు చేయండి. పళ్లు ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో చిగురు నిండుగా ఉన్నవాళ్లకి ఇది చాలు. మీ వయసులో ఎక్కువమంది అలాగే ఉంటారు. చిగురు దిగిపోయి, అద్దంలో చూస్తే పళ్ల మధ్య నల్లటి ఖాళీ కనిపించే చోట మాత్రం ఫ్లాస్ కన్నా సందుల బ్రష్ (షాపులో చూపించిన ఆ చిన్న బ్రష్) మేలు. రక్తం సంగతి అంటారా, మీరు చెప్పినదాన్ని బట్టి అది ఫ్లాస్ తెచ్చిన జబ్బు కాదు. అక్కడ చిగురు ముందే వాచి ఉంది, ఫ్లాస్ దాన్ని బయటపెట్టింది.

ఇరవై ఏళ్లకు పైగా చిగుళ్ల వైద్యమే చేస్తున్నాను. ఏ కంపెనీ దారం కొన్నారన్నదాన్ని బట్టి చిగుళ్లు బాగుపడటం నేను చూడలేదు. దారం లోపలికి దిగాక దానితో ఏం చేశారన్నదాన్ని బట్టే బాగుపడతాయి. అందుకే రకాల గురించి కొంచెమే చెప్పి, చేసే పద్ధతి గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందు రక్తం గురించి, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది అక్కడే. పంటికి ఐదు వైపులు ఉంటాయి. బయటి వైపు, నాలుక వైపు, నమిలే వైపు - ఈ మూడింటికీ బ్రష్ అందుతుంది. పక్క పన్నుని ఆనుకుని ఉన్న మిగతా రెండు వైపులకు ఎంత ఖరీదైన బ్రష్ అయినా సరిగ్గా అందదు. అక్కడ పాచి పేరుకుంటుంది. పాచి అంటే అన్నం మెతుకులు కాదు, పంటికి జిగటగా అంటుకుని పెరిగే సూక్ష్మజీవుల పొర. దాన్ని కదపకుండా వదిలేస్తే చిగురు ఎర్రబడి, వాచి, తాకితే రక్తం కారే స్థితికి వస్తుంది. ఇంకా వదిలేస్తే ఆ పాచే గట్టిపడి గార అవుతుంది. గారని ఇంట్లో ఎవరూ తీసుకోలేరు, మళ్లీ క్లీనింగ్‌కి రావాల్సిందే.

ఈ విషయాన్ని డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లో (Harald Löe) అనే శాస్త్రవేత్త బృందం 1965లో తేల్చి చూపించింది. ఆరోగ్యమైన చిగుళ్లున్న 12 మందిని పళ్లు తోముకోవడం ఆపేయమన్నారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మామూలు స్థితికి వచ్చాయి. పాచి చేరితే వాపు, పాచి పోతే వాపు పోతుంది. మీ పళ్ల సందుల్లో ఇప్పుడు జరగాల్సింది ఆ రెండో సగం.

కాబట్టి సున్నితంగా, కానీ ఒక్కరోజు కూడా వదలకుండా చేయండి. నాలుగైదు రోజుల్లో రక్తం పడే చోట్లు తగ్గడం మీకే తెలుస్తుంది. ఎక్కువమందికి వారం, రెండు వారాల్లో ఆగిపోతుంది. "రక్తం వస్తోంది కదా, చిగుళ్లు మానేదాకా ఆగుదాం" అని ఆపేస్తే పాచి అక్కడే ఉంటుంది, ఎన్నాళ్లు ఆగినా మానదు.

రెండు వారాలు సరైన పద్ధతిలో చేశాక కూడా అదే చోట రక్తం వస్తుంటే మాత్రం చూపించుకోండి. లోపల గార మిగిలి ఉండొచ్చు, చిగురుకీ పంటికీ మధ్య లోతైన జేబు ఏర్పడి ఉండొచ్చు. రక్తం పలచబడటానికి మందులు వాడేవాళ్లకి రక్తం కాస్త ఎక్కువసేపు కారుతుంది. దానికి భయపడి ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపకూడదు. ఇంకో మాట, ఇది ఫ్లాస్‌కి సంబంధించింది కాకపోయినా చెప్పాలి: జ్వరం ఉండి, ఒంటి మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తూ, ఏమీ తాకకుండానే చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే మా దగ్గరికి కాదు, వెంటనే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. డెంగ్యూలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు అలా అవుతుంది. వర్షాకాలంలో మా క్లినిక్‌కి అలాంటివాళ్లు వస్తూనే ఉంటారు.

ఇక చేసే పద్ధతి. క్లినిక్‌లో "ఫ్లాస్ చేస్తున్నానండీ" అన్నవాళ్ల చేతికి దారం ఇచ్చి, అద్దం ముందు చేసి చూపించమంటాను. చాలామంది దారాన్ని టక్కున లోపలికి దించుతారు, షూ పాలిష్ చేసినట్టు ముందుకీ వెనక్కీ రెండుసార్లు లాగుతారు, బయటికి తీసేస్తారు. దీనివల్ల ఇరుక్కున్న మటన్ పీచు వస్తుందేమో గానీ పంటికి అంటుకున్న పాచి అలాగే ఉంటుంది. పైగా దారం చిగురు మీద పడి కోసుకుంటుంది.

ఇలా చేయండి. పూలవాళ్లు కొలిచే మూరెడు దారం తెంచుకోండి, 45 సెంటీమీటర్లు. పిసినారితనం చేసి జానెడు తీసుకుంటే వేళ్లకి పట్టు దొరకదు. ఎక్కువ భాగం ఒక చేతి నడిమి వేలికి చుట్టండి, మిగతాది రెండో చేతి నడిమి వేలికి. బొటనవేలు, చూపుడువేలు ఖాళీగా ఉంటాయి, దారాన్ని నడిపేవి అవే. వాటి మధ్య అంగుళం దారం బిగుతుగా ఉంటే చాలు. పై పళ్లకి బొటనవేళ్లతో, కింది పళ్లకి చూపుడువేళ్లతో నడిపితే సులువు.

దారాన్ని రెండు పళ్లు ఆనుకున్న చోట పెట్టి, మెల్లగా అటూ ఇటూ జరుపుతూ కిందికి దించండి, నొక్కొద్దు. ఆ బిగువు దాటగానే దారం వదులై చిగురు పైన ఆగుతుంది. అసలు పని ఇక్కడి నుంచి మొదలవుతుంది. దారాన్ని ఒక పంటి చుట్టూ ఇంగ్లిష్ 'సి' అక్షరంలా వంచి, పంటికి హత్తుకునేలా పట్టుకుని, చిగురు అంచు కిందికి ఆగినంతవరకు మెల్లగా జార్చి, అక్కడి నుంచి పంటిని ఆనుకునే పైకి తీయండి. ఇలా ఐదారు సార్లు. తర్వాత బయటికి తీయకుండానే చిగురు కొనని దాటించి పక్క పంటికి వంచి అదే పని చేయండి. అంటే ఒక సందులో రెండు పళ్లు శుభ్రం చేయాలి. రెండోది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

పంటి మీద దారం శుభ్రంగా నడిస్తే చిన్నగా కిర్రుమన్న స్పర్శ వేలికి తెలుస్తుంది. ఇంకా జారుడుగా ఉంటే పాచి ఉన్నట్టు. తర్వాతి సందుకి వెళ్లే ముందు ఒక వేలి నుంచి దారం విప్పి రెండో వేలికి చుట్టి కొత్త ముక్క వాడండి. చిట్టచివరి దవడ పంటి వెనక వైపు కూడా వదలొద్దు, దానికి పక్కన పన్ను లేకపోయినా పాచి ఉంటుంది.

మొదటి వారం పది నిమిషాలు పడుతుంది, చేతులు నొప్పి పుడతాయి, వెనక పళ్లకి వేళ్లు అందవు. అలవాటయ్యాక రెండు మూడు నిమిషాల పని. మొదట్లో టెన్షన్ పడిపోయి నోరంతా ఒక్కరోజే చేయాలనుకోకండి. పై పళ్లు ఈరోజు, కింది పళ్లు రేపు అని మొదలుపెట్టించిన పేషెంట్లు నెల తిరిగేసరికి మొత్తం చేసేస్తుంటారు.

బ్రష్ ముందా, ఫ్లాస్ ముందా అని అడుగుతారు. నేను ఫ్లాసే ముందు చేయమంటాను. సందులోంచి కదిలింది తర్వాత బ్రష్‌తో, నీళ్లతో బయటికి పోతుంది. పేస్టులో ఉండే ఫ్లోరైడ్ కూడా శుభ్రమైన సందులోకి చేరుతుంది. 2018లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో ఫ్లాస్ ముందు చేసినప్పుడే సందుల్లో పాచి ఎక్కువ తగ్గింది. అయితే మీకు బ్రష్ అయ్యాక చేయడమే కుదిరితే అలాగే కానివ్వండి, అసలు చేయడం ముఖ్యం.

రకాల గురించి ఇప్పుడు. వ్యాక్స్ ఉన్నదానికీ లేనిదానికీ పాచి తీయడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వ్యాక్స్ ఉన్నది బిగుతు సందుల్లో సులువుగా జారుతుంది, తక్కువ తెగుతుంది, అందుకే కొత్తవాళ్లకి అదే చెబుతాను. న్యూ ఆర్లీన్స్‌లో లీవై స్పియర్ పార్మ్‌లీ అనే దంత వైద్యుడు 1819లోనే మైనం పూసిన పట్టుదారంతో పళ్ల సందులు శుభ్రం చేసుకోమని రాశాడు. ఇప్పుడు పట్టు బదులు నైలాన్ వచ్చింది, పని మాత్రం అదే. చాలా బిగుతుగా ఉన్న పళ్లకి పలచటి టేపు రకం బాగా దిగుతుంది. వాటిలో కొన్ని టెఫ్లాన్ జాతి పదార్థంతో చేస్తారు. ఆ రసాయనాల మీద అనుమానం ఉంటే నైలాన్‌తోనే సరిపెట్టుకోండి, పోయేదేమీ లేదు. పుదీనా రుచి, రంగు మీ ఇష్టం. 50 మీటర్ల డబ్బా రోజుకో మూర చొప్పున మూడున్నర నెలలు వస్తుంది, కాబట్టి ఖర్చుకి వెనకాడాల్సిన వస్తువు కాదు.

ప్లాస్టిక్ పుల్లకి దారం బిగించి అమ్మే ఫ్లాస్ పిక్ ప్రయాణాల్లో, చేతివేళ్లు సరిగ్గా వంగనివాళ్లకి, పిల్లలకి తల్లిదండ్రులు చేసేటప్పుడు పనికొస్తుంది. దానితో 'సి' ఆకారం సరిగ్గా రాదు, అన్ని సందులకీ అదే దారం తిరుగుతుంది. అసలు చేయకపోవడం కన్నా నయం, రోజువారీకి మొదటి ఎంపిక కాదు. నీళ్లు చిమ్మే యంత్రం క్లిప్పులు వేసుకున్నవాళ్లకి, ఇంప్లాంట్లు (ఎముకలో బిగించిన కృత్రిమ పళ్లు) ఉన్నవాళ్లకి మంచి తోడు, చిగుళ్ల రక్తం తగ్గిస్తుంది. కానీ పంటిని ఆనుకుని గీకినంతగా పాచి తీయదు.

సందుల బ్రష్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మన దగ్గర దీని వాడకం చాలా తక్కువ కాబట్టి. సన్నటి తీగ చుట్టూ చిన్న వెంట్రుకలు ఉండే బ్రష్ ఇది. చిగురు దిగిపోయిన చోట పంటి వేరు భాగం బయటపడుతుంది. ఆ వేరు పక్కలు తిన్నగా ఉండవు, నొక్కుకుపోయి ఉంటాయి. దారం ఆ నొక్కుని దాటేసి అంచుల మీద నడుస్తుంది, బ్రష్ వెంట్రుకలు లోపలికి చేరతాయి. అందుకే చిగుళ్ల జబ్బుకి చికిత్స చేయించుకున్నవాళ్లకి నేను ముందు ఇదే రాస్తాను. సైజు సరిగ్గా ఉండాలి: వెంట్రుకలు రెండు వైపులా తాకాలి, తీగ మాత్రం పంటికి రాసుకోకూడదు. ఒకే నోట్లో రెండు సైజులు కావాల్సి రావొచ్చు. రంగు చూసి కొనకండి, ఒక కంపెనీ రంగు ఇంకో కంపెనీలో వేరే సైజు. మొదటిసారి డాక్టర్ దగ్గరే పెట్టించుకుని సైజు రాయించుకోండి. దూరని చోట బలవంతంగా తోయకండి, అక్కడ ఫ్లాస్ వాడండి.

"ఫ్లాస్ వల్ల ఉపయోగం ఉందని రుజువే లేదట కదా" అని కొందరు అడుగుతారు. 2016లో అమెరికాలో ఒక వార్తా సంస్థ ఆ విషయం రాశాక బాగా ప్రచారం అయింది. నిజానికి ఉన్న అధ్యయనాలు చిన్నవి, కొద్ది నెలలే సాగినవి. 2019లో వైద్య అధ్యయనాలను పరిశీలించే కోక్రేన్ సంస్థ సమీక్ష వాటన్నిటినీ కలిపి చూసి, బ్రష్ ఒక్కటే చేసినదానికన్నా ఫ్లాస్ గానీ సందుల బ్రష్ గానీ కలిపితే చిగుళ్ల వాపు తగ్గవచ్చని, సందుల బ్రష్ ఫ్లాస్ కన్నా కాస్త మెరుగు కావచ్చని, అయితే ఆధారాల బలం తక్కువేనని చెప్పింది. నాకు వీటన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది 2006 నాటి ఒక సమీక్ష. శిక్షణ ఉన్నవాళ్లు బడి ఉన్న రోజుల్లో పిల్లలకి స్వయంగా ఫ్లాస్ చేసినప్పుడు పళ్ల పుచ్చు 40 శాతం తగ్గింది. కౌమారంలో ఉన్నవాళ్లు తమంతట తాము చేసుకున్నప్పుడు తేడా కనిపించలేదు. దారంలో లోపం లేదు, నేర్పకుండా చేతికిచ్చేసి చేసుకోమనడంలో లోపం ఉంది. "ఫ్లాస్ చేసుకోండి" అని నోటితో చెప్పి పంపించే మా వైద్యులు కూడా రెండు నిమిషాలు కూర్చోబెట్టి చేయించి చూడాలి.

ఫ్లాస్ మీ పళ్ల గురించి సమాచారం కూడా ఇస్తుంది, గమనించండి. ఎప్పుడూ ఒకే చోట దారం పీచులు పీచులుగా తెగుతుంటే బ్రాండ్ మార్చడం పరిష్కారం కాదు. ఒక టీచరమ్మ ఇలాగే కుడివైపు కింది దవడ పళ్ల మధ్య దారం తెగుతోందని మూడు రకాలు మార్చి, చివరికి విసుగొచ్చి ఆ ఒక్క సందు వదిలేశారు. ఎక్స్‌రే తీస్తే పాత ఫిల్లింగ్ అంచు చిగురు కిందికి పొడుచుకుని ఉంది. దాని కింద పాచి పట్టి ఎముక కూడా కొంచెం కరిగింది. ఆ సిమెంట్ తీసి కొత్తది సరిగ్గా పెట్టాక మామూలు ఫ్లాసే శుభ్రంగా దిగింది. దారం తెగే చోట చాలావరకు పుచ్చు, పగిలిన ఫిల్లింగ్, సరిపోని క్యాప్, గార - వీటిలో ఏదో ఒకటి ఉంటుంది.

దారం అస్సలు బిగువు లేకుండా దిగిపోయే చోట, అన్నం తిన్న ప్రతిసారీ ఏదో ఒకటి ఇరుక్కునే చోట పళ్లు ఒకదానికొకటి ఆనుకోవడం లేదన్నమాట. అక్కడ ఎంత ఫ్లాస్ చేసినా మళ్లీ ఇరుక్కుంటుంది, ఫిల్లింగ్ గానీ క్యాప్ గానీ సరిచేయాలి. చివర ఉన్న దవడ పంటి వెనక దారం తీసి వాసన చూడండి. రోజూ చేస్తున్నా దుర్వాసన పోకపోతే అడ్డంగా ఉన్న జ్ఞానదంతం దగ్గర ఆహారం చేరుతుందేమో ఎక్స్‌రేలో చూడాలి. అలా పక్కన ఉన్న మంచి దవడ పన్ను వెనక నుంచి పుచ్చిపోవడం చాలా చూశాను. పైకి ఏమీ కనిపించదు, నొప్పి మొదలయ్యేసరికి రూట్ కెనాల్ దాకా వెళ్తుంది.

మీ ప్రశ్నలో లేకపోయినా చెప్పకుండా ఉండలేనిది ఒకటి. భోజనం కాగానే గాజులకి ఉన్న పిన్నీసు తీసి పళ్లు కుట్టుకోవడం, చీపురు పుల్ల, అగ్గిపుల్ల, విజిటింగ్ కార్డు మూల - దయచేసి ఇవన్నీ మానండి, ఇంట్లోవాళ్లతో మాన్పించండి. పళ్ల మధ్య ఉండే చిగురు కొన చాలా సున్నితమైనది, రోజూ పొడిస్తే అది అణిగిపోతుంది, ఒకసారి పోయిన కొన మళ్లీ పూర్తిగా పెరగడం కష్టం. అక్కడ ఏర్పడిన ఖాళీలో మరింత ఇరుక్కుంటుంది, మరింత పొడుస్తారు. ములక్కాడ పీచు, మామిడి పండు పీచు ఇరుక్కుంటే దారంతోనే తీయండి, ఒక వైపు చివర వదిలేసి పక్కకి లాగితే పీచుతో సహా వస్తుంది.

పిల్లల విషయం కూడా. పాల పళ్లలో వెనక రెండు దవడ పళ్లు గట్టిగా ఆనుకుని ఉంటాయి. నాలుగైదేళ్ల పిల్లలకి పుచ్చు మొదలయ్యే ముఖ్యమైన చోటు వాటి మధ్యే. పైనుంచి చూస్తే పన్ను తెల్లగానే ఉంటుంది, అంచు దగ్గర కొంచెం బూడిద రంగు నీడ కనిపిస్తుంది అంతే. ఆ ఒక్క సందులో, నాలుగు మూలలా, రోజూ రాత్రి తల్లో తండ్రో ఫ్లాస్ చేస్తే చాలు. ఎనిమిది, పదేళ్లు వచ్చేదాకా పిల్లలు సొంతంగా సరిగ్గా చేసుకోలేరు.

బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో కట్టిన పళ్లు) ఉన్నవాళ్లకి, క్లిప్పులు ఉన్నవాళ్లకి ఒక కొస గట్టిగా, మధ్యలో స్పాంజిలా ఉండే ప్రత్యేక ఫ్లాస్ దొరుకుతుంది, తీగ కింద నుంచి దూర్చడానికి. ఇంప్లాంట్ ఉంటే మామూలు ఫ్లాస్ పోగులు దాని చుట్టూ చిక్కుకుపోయే ప్రమాదం ఉంది, ఏది వాడాలో పెట్టిన డాక్టర్‌నే అడగండి. షుగర్ ఉన్నవాళ్లు దీన్ని ఐచ్ఛికంగా చూడొద్దు. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపు చేయడం కష్టమవుతుంది.

అమ్మగారి మాటకి వస్తాను. సరిగ్గా చేసిన ఫ్లాస్ పళ్లని జరపదు, సందులు పెంచదు. పళ్లు ఎముకలో ఉంటాయి, అర నిమిషం దారం నడిస్తే కదలవు. మరి ఆవిడ ఎందుకలా అంటున్నారంటే, బహుశా క్లీనింగ్ చేయించుకున్న తర్వాతో, ఫ్లాస్ మొదలుపెట్టాకో సందులు కనిపించినవాళ్లని చూసి ఉంటారు. వాపు తగ్గితే ఉబ్బిన చిగురు మామూలు సైజుకి వస్తుంది, గార పోతే అది నింపిన చోటు ఖాళీగా కనిపిస్తుంది. ఎముక ముందే కరిగిపోయినవాళ్లకి ఆ ఖాళీ మరీ పెద్దగా అనిపిస్తుంది. వీలైతే ఆవిడని కూడా ఒకసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆ వయసులో చిగుళ్లు దిగి సందులు కనిపిస్తుంటే ఆవిడకి మీ ఫ్లాస్ డబ్బా పనికిరాదు, సరైన సైజు సందుల బ్రష్ విడిగా కొనాలి.